డ్రైవ్‌వేలో ఆగిపోయిన కారు: గరాజ్‌లో పెట్టాలా, రిజిస్ట్రేషన్ కట్టాలా, అమ్మేయాలా?

సొంత ఇల్లు, సొంత డ్రైవ్‌వే, సొంత కారు, మధ్యలో సిటీవాళ్ళకి ఏం పని అని అమెరికా వచ్చిన కొత్తలో అందరం అనుకుంటాం. మన ఊళ్ళో వాకిట్లో పాత అంబాసిడర్ పదేళ్ళు పడి ఉన్నా అడిగే నాథుడు ఉండడు. ఇక్కడ అలా కుదరదు. కదలని కారు, రిజిస్ట్రేషన్ గడువు దాటిన ప్లేటు, ఈ రెండూ కలిసి రోడ్డు మీద పోయేవాడి కంటపడితే చాలు, కారు మీ స్థలంలోనే ఉన్నా సిటీ నుంచి ఉత్తరం వస్తుంది.

మనవాళ్ళకి ఇది ఎక్కువగా రెండు రకాలుగా తగులుతుంది. వీసా స్టాంపింగ్ అనో, ఇంట్లో పెద్దవాళ్ళకి బాగాలేదనో ఇండియా వెళ్ళి, నెల అనుకున్నది ఆరు నెలలై, ఈలోపు బ్యాటరీ చచ్చి, రిజిస్ట్రేషన్ స్టికర్ గడువు కూడా దాటిపోవడం ఒకటి. ట్రాన్స్‌మిషన్ పోయిందని మెకానిక్ చెప్పిన రేటు విని గుండె జారి, ‘తర్వాత చూద్దాంలే’ అని రెండో కారుని ఇంటి పక్కన నెట్టేయడం ఇంకొకటి. రెండింటికీ మందు ఒకటి కాదు. అందుకే ఏ పరిస్థితిలో ఏది నయమో పోల్చి చూద్దాం. ఎక్కువగా టెక్సస్ గురించే రాస్తున్నాను, ఎందుకంటే నేనుండేది ఇక్కడే. వర్జీనియా, కాలిఫోర్నియా రూల్స్ తేడాగా ఉంటాయి కాబట్టి వాటి సంగతి తర్వాత చెప్తాను.

చట్టం పట్టుకునేది మూడు విషయాలు

టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్‌లో 683వ చాప్టర్‌లో ‘జంక్డ్ వెహికల్’ అంటే ఏమిటో రాసి ఉంది. ఒకటి, బండికి ప్లేటు లేకపోవడం లేదా ప్లేటు గడువు దాటిపోవడం. దానితో పాటు రెండోది, బండి గుద్దుకునో, పార్టులు ఊడదీసో, వదిలేసినట్టో ఉండటం, లేదా నడవకుండా అలాగే పడి ఉండటం. రోడ్డు మీదైతే 72 గంటలు, సొంత స్థలంలో అయితే వరసగా 30 రోజులు దాటాలి. ఈ రెండూ ఉన్న బండి రోడ్డు నుంచో, ఇంకే పబ్లిక్ స్థలం నుంచో ఏడాదిలో ఎప్పుడైనా సరే కనబడితే అది పబ్లిక్ న్యూసెన్స్. 200 డాలర్ల దాకా ఫైన్, దానితో పాటు బండిని తీసేయమని కోర్టు ఆర్డరు.

ఆ ‘ఏడాదిలో ఎప్పుడైనా’ అన్న మాట ఊరికే పెట్టింది కాదు. బ్యాక్‌యార్డ్‌లో సొరపాదు పందిరి వెనక పాత క్యామ్రీ పెట్టి, జులైలో రోడ్డు మీద నిలబడి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనబడదు. డిసెంబరులో పాదు ఎండిపోయాక చూడండి, ఊడిన బంపరుతో సహా కనబడుతుంది. ప్లేనో, రిచర్డ్‌సన్ వైపు పాత కాలనీల్లో ఇళ్ళ వెనక ఆలీలు ఉంటాయి కదా, చెత్త బండి వచ్చే సందు, అది కూడా పబ్లిక్ దారే. ఇంటి ముందు నుంచి కనబడట్లేదు అని ధీమాగా ఉండి, వెనక గేటు సందులోంచి దొరికిపోయేవాళ్ళు ఉంటారు.

అంటే ప్లేటు, బండి కండిషన్, కనబడటం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి సరిచేసినా రాష్ట్ర చట్టం కింద మీ మీద కేసు నిలబడదు. మీ ముందున్న దారులన్నీ ఈ మూడింటిలో ఏది సరిచేస్తారు అన్నదే. కానీ ఒక మెలిక ఉంది. జంక్డ్ వెహికల్ నిర్వచనాన్ని ఇంకా విస్తృతంగా రాసుకునే అధికారం అదే చాప్టర్ సిటీలకి ఇచ్చింది. కాబట్టి మీ సిటీ ఆర్డినెన్స్ (సిటీ సొంతంగా పెట్టుకున్న చట్టం) ఒకసారి చదవండి, గూగుల్‌లో సిటీ పేరు, జంక్డ్ వెహికల్ అని కొడితే వచ్చేస్తుంది, రెండు పేజీలకి మించి ఉండదు.

ప్లేటు గడువు నిలబెట్టుకోవడం: బండి నడుస్తున్నంత కాలం ఇదే బెస్ట్

మామూలు కారుకి టెక్సస్‌లో బేస్ రిజిస్ట్రేషన్ ఫీజు 50.75 డాలర్లు. దాని మీద కౌంటీ ఫీజులు, ప్రాసెసింగ్, ఇన్‌స్పెక్షన్ ఎత్తేశాక దాని బదులుగా వసూలు చేసే 7.50 డాలర్లు. టెస్లా లాంటి ఎలక్ట్రిక్ బండి అయితే ఏడాదికి ఇంకో 200. రిజిస్ట్రేషన్ ఖర్చు పెద్దదేం కాదు, అసలు ఖర్చు ఇన్సూరెన్స్‌ది. లయబిలిటీ, అంటే మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్, కనీసం ఒక మనిషి గాయాలకి 30 వేలు, ఒక ప్రమాదం మొత్తంలో గాయాలకి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్ల లెక్కలో ఉంటేనే రెన్యూ చేస్తారు. తిప్పని బండికి నెలనెలా ప్రీమియం కట్టడం కడుపు మంటే, కాదనను. ఏజెంట్‌ని అడిగి లయబిలిటీ మాత్రం ఉంచి కొలిజన్ (గుద్దుకుంటే మీ బండి రిపేరుకి ఇచ్చేది) తీసేయించుకోండి, లోన్ లేకపోతేనే సుమా, లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2025 జనవరి 1 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కాబట్టి ఇంక ఆన్‌లైన్‌లో డబ్బులు కడితే చాలు అనుకుంటారు. డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్, హ్యారిస్, ట్రావిస్ లాంటి కొన్ని కౌంటీల్లో పెట్రోలు బళ్ళకి ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఇంకా ఉంది. మన జనాభాలో మూడొంతులు ఉండేది ఆ కౌంటీల్లోనే అని నా అంచనా. టెస్ట్ చేయించాలంటే బండి స్టార్ట్ అవ్వాలి. స్టార్ట్ కాని బండికి టెస్ట్ లేదు, టెస్ట్ లేకపోతే రెన్యూవల్ లేదు. కాబట్టి ‘రిజిస్ట్రేషన్ కట్టేసి వదిలేద్దాం’ అన్నది బండి నడుస్తుండగా చేయాల్సిన పని, ఆగిపోయాక కాదు. ఇండియా టికెట్ బుక్ చేసిన రోజే స్టికర్ మీద నెల చూసుకోండి. మీరు తిరిగొచ్చే లోపు గడువు దాటేలా ఉంటే ముందే టెస్ట్ చేయించి కట్టేసి వెళ్ళండి.

ఈ దారి ఎంచుకుంటే బ్యాటరీ సంగతి కూడా చూసుకోవాలి. గరాజ్‌లో అయితే బ్యాటరీ దిగిపోకుండా చూసే మెయింటెయినర్ తగిలించి వెళ్ళొచ్చు. బయట అయితే నెగటివ్ టెర్మినల్ తీసేయడం, లేదా పది పదిహేను రోజులకోసారి ఎవరైనా వచ్చి ఒక రౌండ్ తిప్పేలా చూడటం. తిప్పే మనిషి పేరు మీ పాలసీలో డ్రైవర్‌గా వర్తిస్తుందో లేదో ఏజెంట్‌ని అడగండి, ‘మనవాడే కదా’ అని తాళాలు ఇచ్చేసి వెళ్ళకండి.

దాచడం: గరాజ్ అయితే సరే, కవర్ అంటే మాత్రం వద్దు

వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే సలహా ‘కవర్ వేసెయ్ బాస్’ అనే. నా దృష్టిలో టెక్సస్‌లో అన్నిటికన్నా పనికిరాని దారి ఇదే. చట్టం ఇచ్చిన మినహాయింపుల్లో కవర్ అన్న ఊసే లేదు. చట్టబద్ధంగా కట్టిన బిల్డింగ్ లోపల పూర్తిగా మూసి ఉండాలి, రోడ్డు నుంచే కాదు, పక్కింటి నుంచి కూడా కనబడకూడదు, అదీ మొదటి మినహాయింపు. ఫెన్స్, చెట్లు చాటున పెట్టుకోవచ్చు అన్న రెండో మినహాయింపు డీలర్లకి, జంక్‌యార్డ్‌లకి, పాత కార్లు సేకరించే కలెక్టర్లకి; కలెక్టర్ల దగ్గర ఉండాల్సింది 25 ఏళ్ళు దాటిన యాంటిక్ బండి, లేదా చారిత్రక ఆసక్తి కోసం ఒరిజినల్‌గా ఉంచుకున్న బండి. మీ 2009 అల్టిమా ఏ లెక్కలో చూసినా చారిత్రకం కాదు. పైగా న్యూసెన్స్ ఏదో పరిశీలించడానికి సిటీ మనిషి మీ స్థలంలోకి రావచ్చని చట్టంలోనే ఉంది కాబట్టి కవర్ కింద ఏముందో తెలుసుకోవడం వాళ్ళకి పెద్ద పనేం కాదు. రెండు గాలివానలకి ఆ కవర్ సగం చిరిగి పీలికలై ఊగుతుంటే అసలు లేని దృష్టి కూడా పడుతుంది.

గరాజ్ మాత్రం తిరుగులేని దారి. ఫైన్ లేదు, నోటీసు లేదు, ఇన్సూరెన్స్ తగ్గించుకోవచ్చు, రిజిస్ట్రేషన్ వదిలేసినా అడిగేవాడు లేడు. అడ్డం ఒక్కటే: మన గరాజ్‌లలో కారుకి చోటెక్కడిది? సోనామసూరి బస్తాలు, రెండో ఫ్రిజ్, ఇరవై మూడు కేజీల సూట్‌కేసులు, బొమ్మల కొలువు డబ్బాలు, పిల్లల సైకిళ్ళు, పక్కన గ్యాస్ స్టవ్‌తో చేపల పులుసు సెటప్. ఒక వారాంతం కష్టపడి ఒక వైపు ఖాళీ చేసుకోగలిగితే స్టోరేజీకి నెలనెలా కట్టే అద్దె మిగిలినట్టే. నడవని కారుని లోపలికి తోయడానికి ముగ్గురు చాలు, న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగ్ దగ్గర ఒకళ్ళు బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉండాలి. ఇంజన్ ఆగి ఉంటే బ్రేకు గట్టిగా తొక్కాల్సొస్తుంది, వాలుగా ఉన్న డ్రైవ్‌వేలో జాగ్రత్త.

బ్యాక్‌యార్డ్‌లో ఆరడుగుల చెక్క ఫెన్స్ వెనక పెట్టడం మధ్యరకం. ఏ పబ్లిక్ దారి నుంచీ కనబడకపోతే రాష్ట్ర చట్టం ప్రకారం న్యూసెన్స్ కాదు. కానీ సిటీ నిర్వచనం కఠినంగా ఉండొచ్చు, గడ్డి మీద పార్కింగ్ కూడదని కొన్ని సిటీల్లో వేరే రూల్ ఉంటుంది. గరాజ్ అసాధ్యం అయితేనే దీని గురించి ఆలోచించండి.

అద్దె స్టోరేజీ సంగతి రెండు ముక్కల్లో: చాలా చోట్ల బండికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉంటేనే తీసుకుంటారు, కొన్ని చోట్ల నడిచే బండే కావాలంటారు. అంటే మీకు అవసరం పడే సమయానికి వాళ్ళు మీకు అక్కరకు రారు. ఆరు నెలల అద్దె లెక్కేసి చూస్తే పాత కారు విలువలో సగం పోతుంది.

సిటీ వేరు, హెచ్‌ఓఏ వేరు, అపార్ట్‌మెంట్ వేరు

ఇది కలిపేసి కంగారు పడేవాళ్ళు ఎక్కువ. సిటీ రూల్ దాటినా హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ ఓనర్ల సంఘం) రూల్ మిగిలి ఉంటుంది, అది కాస్త ఇరుకుగానే ఉంటుంది. ప్లేటు బాగానే ఉన్నా, నడవని బండి డ్రైవ్‌వేలో కనబడకూడదని చాలా కాలనీల్లో రాసి పెట్టుకుంటారు. టెక్సస్‌లో హెచ్‌ఓఏ ఫైన్ వేయాలంటే ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి, సరిచేసుకోవడానికి తగినంత గడువు ఇవ్వాలి, 30 రోజుల్లోపు మీరు హియరింగ్ అడగొచ్చు. మెయిల్‌బాక్స్‌లో మామూలు కాగితం వచ్చినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, అలాగని చెత్తబుట్టలోనూ వేయకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండే పిల్లలకి అసలు ప్రమాదం వేరు. ప్లేటు గడువు దాటిన కారుని టో చేస్తామని లీజులో ఉంటే, టో చేసే ముందు కనీసం పది రోజులు రాతపూర్వక నోటీసు ఇవ్వాలన్నది టెక్సస్ చట్టం. ఆ పది రోజులూ మీరు వరంగల్లోనో విజయవాడలోనో ఉంటే ఆ నోటీసు ఎవరు చూస్తారు? టో అయ్యాక స్టోరేజీ చార్జీ రోజురోజుకీ పెరుగుతూ పోతుంది, మీకు విషయం తెలిసే సరికి కారు ధర కంటే బిల్లు ఎక్కువవ్వచ్చు. కాబట్టి అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి నా సలహా సూటిగా ఉంటుంది: స్టికర్ గడువు సరిపోతే, రూమ్‌మేట్ నమ్మకస్తుడైతే వదిలి వెళ్ళండి. రెండింటిలో ఏది లేకపోయినా అమ్మేసి వెళ్ళండి.

వర్జీనియా, కాలిఫోర్నియాలో లెక్క మారుతుంది

వర్జీనియాలో ఒక తమాషా ఇరకాటం ఉంది. ఇన్సూరెన్స్ ఆపేయాలంటే ముందు ప్లేట్లు డీఎంవీకి (బళ్ళ రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర ఆఫీసు) సరెండర్ చేయాలి, లేకపోతే పెనాల్టీ. మంచిదే కదా అని సరెండర్ చేస్తారు. తీరా చూస్తే ఆ రాష్ట్రం లోకల్ ప్రభుత్వాలకి ఇచ్చిన అధికారం ప్రకారం, చెల్లే ప్లేట్లు లేని బండి అంటేనే ‘ఇనాపరబుల్’ (నడవని బండి), ఇంజన్ గుర్రంలా ఉన్నా సరే. టెక్సస్‌లో రెండు లోపాలూ కలవాలి, అక్కడ చాలా చోట్ల ఒక్కటే చాలు. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ లాంటి కౌంటీలకి వర్తించే సెక్షన్ కొంచెం మెతక, ప్లేట్లూ లేక, ఇన్‌స్పెక్షన్ డెకాలూ (స్టికర్) చెల్లకపోతేనే ఆ కారణం మీద పట్టుకుంటుంది. అందుకని అక్కడ ఇండియా వెళ్ళే ముందు ఇన్‌స్పెక్షన్ కొత్తగా చేయించుకుని వెళ్తే కొంత ఊపిరి దొరుకుతుంది. బయట నేల మీద నిలబడినవాడికి కనబడకుండా ఉంటే చాలన్నది అక్కడి చట్టంలో దాపరికానికి ఇచ్చిన అర్థం, కాబట్టి టెక్సస్‌లో పనికిరాని కవర్ అక్కడ కౌంటీని బట్టి పనికొస్తుంది. కౌంటీ ఆఫీసుకి ఒక ఫోన్ కొట్టి అడగండి.

కాలిఫోర్నియాలో పీఎన్‌ఓ (ప్లాన్డ్ నాన్-ఆపరేషన్) అని ఒకటుంది, అంటే ఈ ఏడాది బండి నడపను అని డీఎంవీకి ముందే చెప్పి, పూర్తి రిజిస్ట్రేషన్ బదులు చిన్న ఫీజు కట్టడం. గడువుకి 60 రోజుల ముందు నుంచి ఫైల్ చేయొచ్చు. డబ్బు పరంగా ఇది మంచి ఏర్పాటు, టెక్సస్‌లో ఇలాంటిది లేదు. అయితే పీఎన్‌ఓలో ఉన్న బండి రోడ్డు మీద ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఫ్రీమాంట్‌లో ఇంటి ముందు వీధిలో పెట్టినా తప్పే. అంతకన్నా ముఖ్యం, పీఎన్‌ఓ అన్నది మీకూ డీఎంవీకీ మధ్య మాట. నడవని బళ్ళని సొంత స్థలంలోంచి కూడా తీయించే ఆర్డినెన్స్ సిటీలు వేరేగా పెట్టుకోవచ్చు, దానికి పీఎన్‌ఓ రసీదు చూపిస్తే ఒరిగేదేం లేదు. పీఎన్‌ఓ, గరాజ్, రెండూ కలిస్తేనే నిశ్చింత.

నోటీసు వచ్చేసిందా?

టెక్సస్‌లో సిటీ నోటీసుకి గడువు పది రోజులు. ఆ లోపు బండి తీసేయాలి లేదా హియరింగ్ అడగాలి. హియరింగ్‌లో బండి నడవదు అన్నట్టే మొదలుపెడతారు, నడుస్తుందని చూపించాల్సిన బాధ్యత మీది. బ్యాటరీ మార్చి స్టార్ట్ చేసి వీడియో తీసుకోండి, రెన్యూవల్ రసీదు పట్టుకెళ్ళండి. చాలాసార్లు అంత దాకా కూడా రాదు, నోటీసు మీద ఉన్న ఆఫీసర్‌కి ఫోన్ చేసి ‘పార్టు ఆర్డర్ పెట్టాను, ఫలానా తేదీకి అయిపోతుంది’ అని మర్యాదగా చెప్తే వినేవాళ్ళే ఎక్కువ.

అదే సిటీలో ఉన్న బావమరిది ఇంటి ముందుకి తోసేసి చేతులు దులుపుకుందాం అనుకోకండి. అక్కడా అది న్యూసెన్సే అయితే మొదలైన కేసు ఆగదని చట్టంలో స్పష్టంగా ఉంది. బావమరిదికీ మీకూ గొడవ అదనం. ఇంకో మాట, ఇలా జంక్డ్ వెహికల్ కింద తీసుకెళ్ళిన బండిని మళ్ళీ నడిచేలా చేయకూడదని రూలు. అంటే ఇది మామూలు టో కాదు, డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకుని తిప్పుకునే రకం కాదు, అది తుక్కుకే పోతుంది. మీకు ఆ బండి మీద ఆశ ఉంటే పది రోజుల్లోపే ఏదో ఒకటి చేయాలి.

అమ్మేయడం, ఇచ్చేయడం

రిపేరు ఖర్చు కారు ధరలో సగం దాటితే, రేపు బాగుచేయిస్తాను అనే మాట పక్కన పెట్టి అమ్మేయండి. ఇండియాలో ఆరు నెలలకి మించి ఉండేట్టుంటే నడిచే కారైనా అమ్మడమే నయం, ఆ ఆరు నెలల ఇన్సూరెన్స్, టెన్షన్ రెండూ పోతాయి.

స్క్రాప్ వాళ్ళు వచ్చి ఉచితంగా టో చేసుకెళ్తారు, చెప్పిన మొదటి రేటుకి ఒప్పుకోకండి, ముగ్గురిని అడగండి, పొగ గొట్టంలో ఉండే ఖరీదైన పార్టు, క్యాటలిటిక్ కన్వర్టర్, ఉందని ముందే చెప్పండి. చారిటీకి ఇస్తే పుణ్యం మాటేమో గానీ ట్యాక్స్ లాభం మీరనుకున్నంత ఉండదు. చారిటీ ఆ బండిని అమ్మేస్తే సాధారణంగా వాళ్ళకి వచ్చినంతే మీ డిడక్షన్, 500 డాలర్లు దాటితే 1098-సి ఫారం కావాలి, పైగా ట్యాక్స్ ఫైలింగ్‌లో ఖర్చులు విడివిడిగా చూపించి ఐటమైజ్ చేసేవాళ్ళకే. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే మనలాంటి వాళ్ళకి సున్నా. అయినా టో చేసే గొడవ వాళ్ళదే కాబట్టి, స్క్రాప్ రేటు మరీ తక్కువైతే ఇది తప్పు దారి కాదు.

స్నేహితుడికి అమ్ముతూ ‘గిఫ్ట్ అని రాసేద్దాం, పది డాలర్లతో పోతుంది’ అంటారు. టెక్సస్‌లో ఆ పది డాలర్ల గిఫ్ట్ భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లాంటి దగ్గరవాళ్ళకే. స్నేహితుడైతే 6.25 శాతం ట్యాక్స్, అదీ మీరు రాసిన ధర మీదా, ఆ బండికి రాష్ట్రం లెక్కగట్టే స్టాండర్డ్ విలువలో 80 శాతం మీదా, ఏది ఎక్కువైతే దాని మీద. గిఫ్ట్ అఫిడవిట్‌లో అబద్ధం రాసి సంతకం పెట్టే పని వీసా మీద ఉన్నవాళ్ళు అసలు పెట్టుకోకండి.

ఎవరికి ఇచ్చినా టైటిల్ (బండి ఓనర్‌షిప్ కాగితం) మీద కొనేవాడి పేరు, తేదీ రాయకుండా ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వకండి. ప్లేట్లు, స్టికర్, టోల్‌ట్యాగ్ పీకేయండి. టెక్సస్‌లో బండి చేతులు మారిందని చెప్పే వీటీఆర్-346 ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో కొట్టేయొచ్చు, కాలిఫోర్నియాలో అయితే అలాంటిదే అయిన రిలీజ్ ఆఫ్ లయబిలిటీకి అయిదు రోజులే. ఇప్పటికే ఇండియాలో ఉంటే టెక్సస్ బండికి వీటీఆర్-271 అనే పవర్ ఆఫ్ అటార్నీ ఫారం ఉంది. అది నింపి, సంతకం పెట్టిన ఒరిజినల్‌ని ఇక్కడున్న నమ్మకమైన మనిషికి కొరియర్ చేయండి, టైటిల్ కాగితం ఏ సూట్‌కేసులో పెట్టారో కూడా వాళ్ళకి చెప్పండి.